రష్యన్ నేర్చుకోవడానికి ఇంగ్లిష్ మీదుగా వెళ్ళకండి, తెలుగు నుంచి నేరుగా వెళ్ళండి

మీరు అడిగింది ఇదీ: సెప్టెంబర్‌లో ఎంబీబీఎస్ కోసం రష్యా వెళ్తున్నారు. నెల రోజులుగా ఫోన్‌లో ఒక యాప్ పెట్టుకుని చేస్తున్నారు. అక్షరాలు వచ్చేశాయి. కానీ గ్రామర్‌లో 'కేసులు' మొదలవగానే బుర్ర పనిచేయడం మానేసింది. గ్రామర్ వదిలేసి, కొట్లో, బస్సులో పనికొచ్చే మాటలు ఓ వంద బట్టీ పట్టేస్తే సరిపోదా అని.

సరిపోదు. క్లాసులు ఇంగ్లిష్‌లో చెప్పినా, ఆస్పత్రి డ్యూటీలు మొదలయ్యాక మంచం మీద ఉన్న పెద్దావిడ మీతో రష్యన్‌లోనే మాట్లాడుతుంది. బట్టీ పట్టిన మాటతో మీరు ప్రశ్న అడగ్గలరు, ఆమె చెప్పే జవాబు మాత్రం అర్థం కాదు. అయితే టెన్షన్ పడక్కర్లేదు. మీకు గ్రామర్ కష్టంగా అనిపించడానికి సగం కారణం రష్యన్ కాదు, దాన్ని మీకు ఇంగ్లిష్‌లో చెప్పడం.

నేను అక్కడ ఆరేళ్ళు హాస్టల్లో ఉండి చదువుకున్నాను. మొదటి చలికాలంలో ఒక రాత్రి బయట్నుంచి వణుక్కుంటూ వచ్చాను. హాస్టల్ గుమ్మం దగ్గర కూర్చునే పెద్దావిడ ఏమైంది అని అడిగింది. నా బుర్రలో 'ఐ యామ్ కోల్డ్' అని ఉంది. దాన్నే మాటకి మాట మార్చి 'యా ఖలోద్నియ్' అన్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని చూసి, 'అవును, నిజంగానే చల్లగా ఉన్నావు' అని పకపకా నవ్వింది. నేనన్నదానికి అర్థం 'నేను చల్లటివాణ్ణి' అని. శవాన్నో, కుళాయి నీళ్ళనో ముట్టుకుని చెప్పే మాట. అనాల్సింది 'మ్న్యె ఖోలద్న'. 'మ్న్యె' అంటే నాకు, 'ఖోలద్న' అంటే చలిగా. నాకు చలిగా ఉంది! ఇంగ్లిష్ మీదుగా చుట్టు తిరిగి పోకుండా, మా అమ్మతో ఎలా చెబుతానో అలాగే చెప్పి ఉంటే తప్పు వచ్చేదే కాదు.

ఆ రోజు నుంచి రష్యన్ వాక్యం ఎదురైనప్పుడల్లా ముందు తెలుగులో పెట్టి చూడటం అలవాటైంది. తిరిగొచ్చాక ఎనిమిదేళ్ళుగా మన పిల్లలకి మొదటి పాఠాలు చెబుతున్నది కూడా ఈ దారిలోనే.

ముందు ఒక మాట. ఇక్కడ రష్యన్‌ని తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను. ఊనిక (నొక్కి పలకడం, ఇంగ్లిష్‌లో స్ట్రెస్) పడే అచ్చుని దీర్ఘంగా రాశాను. అసలు ఉచ్చారణ మాత్రం చెవితోనే పట్టుకోవాలి, నా రాత కేవలం ఊతకర్ర.

'నాకు'తో మొదలయ్యే మన వాక్యాలు చూడండి. నాకు టీ ఇష్టం: మ్న్యె న్రావిత్స చాయ్. నాకు పద్దెనిమిదేళ్ళు: మ్న్యె వసిమ్నాత్సత్ ల్యేత్. నేను వెళ్ళాలి అనడానికి కూడా వాళ్ళు 'నాకు వెళ్ళాలి' అన్న పద్ధతిలో 'మ్న్యె నాద' అంటారు. ఇంగ్లిష్ వాళ్ళు ఈ నిర్మాణం వంటబట్టడానికి నెలలు తంటాలు పడతారు. మనం పుట్టినప్పటి నుంచి ఇలాగే మాట్లాడుతున్నాం.

ఇంకా ఉంది. 'నేను విద్యార్థిని' అన్న వాక్యంలో 'యామ్' లాంటి మాట మనకి లేదు, వాళ్ళకీ లేదు: యా స్తుద్యేంత్క. 'ఇది నా ఇల్లు' అంటే ఏత మోయ్ దోమ్, మూడు మాటలకి మూడు మాటలు. 'ఎ, యాన్, ది' గొడవ వాళ్ళకీ లేదు. 'ఐ హ్యావ్ ఎ బుక్' అనరు. 'నా దగ్గర పుస్తకం ఉంది' అంటారు: ఉ మిన్యా యేస్త్ క్నీగ. 'ఉ మిన్యా' అంటే నా దగ్గర, 'యేస్త్' అంటే ఉంది. ఇక 'న్యేత్' అన్న మాట. ఇంగ్లిష్ పుస్తకాలు దీనికి 'నో' అని ఒక అర్థం, 'దేర్ ఈజ్ నాట్' అని ఇంకో అర్థం ఇస్తాయి. మనకి రెండూ ఒకటే కదా, లేదు! వచ్చాడా? లేదు. పాలున్నాయా? లేవు. అంతే. ఒక్క తేడా మాత్రం గుర్తుపెట్టుకోండి: 'న్యేత్' పక్కన వచ్చే మాట రూపం మారుతుంది. పుస్తకం ఉంటే క్నీగ, లేకపోతే 'న్యేత్ క్నీగి'.

ఇప్పుడు మిమ్మల్ని భయపెట్టిన కేసులు. అవి విభక్తులే. మనం ఒకే నామవాచకానికి ను, తో, కి, లో తగిలించినట్టు, వాళ్ళు మాట చివర మారుస్తారు. తమ్ముణ్ణి తీసుకుందాం. బ్రాత్ అంటే తమ్ముడు (అన్న కూడా, వాళ్ళకి ఆ తేడా పట్టదు). బ్రాత అంటే తమ్ముడి, తమ్ముణ్ణి. బ్రాతు అంటే తమ్ముడికి. స్ బ్రాతమ్ అంటే తమ్ముడితో. అ బ్రాత్యె అంటే తమ్ముడి గురించి. మొత్తం ఆరు కేసులు. మాట మూలరూపమే మారిపోవడం కూడా మనకి కొత్త కాదు. ఇల్లు అన్నవాళ్ళం 'ఇల్లుకి' అనం, 'ఇంటికి' అంటాం. కన్ను, కంటితో. ఎప్పుడైనా ఆలోచించి అన్నామా?

కానీ స్కూల్లో బట్టీ పట్టిన 'డుమువులు ప్రథమా విభక్తి' పేర్లని తెచ్చి రష్యన్ పేర్ల పక్కన పెట్టకండి. మన వ్యాకరణంలో కి, కు అనేవి షష్ఠిలో ఉన్నాయి. రష్యన్‌లో 'కి' పని చేసేది వేరే కేసు, 'యొక్క' పని చేసేది వేరే కేసు. పేర్లు కలిపితే తికమక, ప్రత్యయాలు కలిపితే హాయి.

ఒక సంగతి నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది. తెలుగులో 'ఇల్లు చూస్తున్నాను' అంటాం, 'ఇంటిని' అనక్కర్లేదు. అదే మనిషైతే 'తమ్ముణ్ణి చూస్తున్నాను' అని ప్రత్యయం పెట్టి తీరాలి, 'తమ్ముడు చూస్తున్నాను' అనలేం. రష్యన్ పురుషలింగ మాటల్లో సరిగ్గా ఇదే జరుగుతుంది. యా వీజు దోమ్, ఇల్లు చూస్తున్నాను: ప్రాణం లేనిది, మార్పు లేదు. యా వీజు బ్రాత, తమ్ముణ్ణి చూస్తున్నాను: ప్రాణమున్నది, మారింది. ఇంగ్లిష్ పుస్తకంలో దీన్ని 'యానిమేట్ అక్యూజటివ్' అని రెండు పేజీలు రాస్తారు. ('అ'తో ముగిసే స్త్రీలింగ మాటలైతే ప్రాణం ఉన్నా లేకపోయినా మారతాయి: మాము, క్నీగు.)

మెట్రో ఎక్కితే తలుపు మూసే ముందు ఒక ప్రకటన వస్తుంది: 'అస్తరోజ్న, ద్వ్యేరి జక్రివాయుత్స'. జాగ్రత్త, తలుపులు మూసుకుంటున్నాయి. ఆ చివరి 'త్స'లో ఉన్నది మన 'కొను' చుట్టమే. మూయడం వేరు, మూసుకోవడం వేరు. ఉచీత్ అంటే నేర్పడం, ఉచీత్స అంటే చదువుకోవడం, నేర్చుకోవడం. ప్రతి క్రియకీ ఇది అతకదు, నవ్వడానికి కూడా వాళ్ళు ఆ తోక పెడతారు. అయినా మొదటి ఏడాది మీకు ఎదురయ్యే వాటిలో చాలావాటికి పనిచేస్తుంది.

ఇంతవరకు తెలుగు మోసుకెళ్తుంది. ఇక తెలుగు కాలు అడ్డుపెట్టే చోట్లు.

అన్నిటికంటే ముందు మన నోటి అలవాటు. తెలుగు మాట అచ్చుతో ముగియాలి, అందుకే బస్సు, కారు, పెన్ను. రష్యన్‌లోకి కూడా తెలియకుండానే ఆ ఉకారం లాక్కుపోతాం. ఇంగ్లిష్‌లో అయితే యాస అని నవ్వి ఊరుకుంటారు. ఇక్కడ అర్థమే మారుతుంది! దోమ్ అంటే ఇల్లు, దోము అంటే ఇంటికి. 'బ్రాతు వచ్చాడు' అంటే 'తమ్ముడికి వచ్చాడు' అయిపోతుంది. మాట చివర హల్లు మీదే ఆగిపోవడం ప్రాక్టీసు చెయ్యండి. రోజూ ఐదు నిమిషాలు, అద్దం ముందు: దోమ్, బ్రాత్, స్తోల్, ఖ్ల్యేప్. (ఆఖరిది రొట్టె. రాసేటప్పుడు చివర 'బ', పలికేటప్పుడు 'ప్'. మాట చివర బ, ద, గ లాంటివి గట్టిపడి ప, త, క అయిపోతాయి.)

ఊనిక రెండో తలనొప్పి. ఏ అక్షరం మీద పడుతుందో చెప్పే సులువైన సూత్రం లేదు. పడని చోట 'ఒ' కాస్తా 'అ' అవుతుంది: రాసేది మొలొకొ, పలికేది మలకో, అంటే పాలు. జామక్ అంటే కోట, జమోక్ అంటే తాళం, రాత ఒకటే. 'రాయడం' అనే మాట పిసాత్. ఊనిక ముందుకు జరిపి పీసత్ అన్నారంటే మూత్రం పోయడం. 'నేను ఇక్కడ పీసత్ చేయవచ్చా' అని అడిగిన కుర్రాళ్ళు ప్రతి బ్యాచ్‌లో ఒకరైనా ఉంటారు. అందుకే కొత్త మాట నోట్సులోకి ఎక్కించేటప్పుడే ఊనిక గుర్తు పెట్టండి.

ధ్వనుల్లో కొన్ని మనకి కలిసొస్తాయి. వాళ్ళ త, ద మన త, ద లాంటివే, నాలుక పళ్ళకి తగలాలి. కాన్వెంట్ అలవాటు కొద్దీ 'స్టుడెంట్' అనకండి. వాళ్ళ రెండు రకాల 'ష'లు మన ష, శలకి దగ్గర: ఖరషో (బాగుంది)లో ఉన్నది ష, బోర్శ్శ్ అనే బీట్‌రూట్ సూప్‌లో ఉన్నది ఒత్తి పలికే శ. 'ఖ' మాత్రం మన ఖ కాదు, హైదరాబాదీ ఉర్దూలో 'ఖబర్' అన్నప్పుడు గొంతులోంచి వచ్చే గరగర. రానివి రెండు. ఒకటి, ఉ అనడానికి నాలుక వెనక్కి పెట్టి, పెదాల్ని మాత్రం ఇ అన్నట్టు సాగదీసే అచ్చు. నేనిక్కడ దాన్ని ఇకారంతోనే రాస్తున్నాను. రెండోది మెత్తని హల్లు. 'త్య' అనబోయి 'య' పూర్తిగా రాకముందే ఆగిపోయినట్టు. గట్టి త్‌తో బ్రాత్ అంటే తమ్ముడు, మెత్తని త్‌తో బ్రాత్ అంటే తీసుకోవడం. నాకు ఆ తేడా వినపడ్డానికే మూడు నెలలు పట్టింది, పలకడానికి ఇంకో ఏడాది.

మూడోది లింగం. మీరు అమ్మాయి అని రాశారు కాబట్టి ఇది జాగ్రత్తగా చదవండి. తెలుగులో 'నేను వచ్చాను' ఎవరైనా అనొచ్చు. రష్యన్‌లో భూతకాల క్రియ 'నేను' పక్కన కూడా ఆడా మగా చెబుతుంది. 'నాకు అర్థమైంది' అని మగవాడైతే యా పోనిల్, ఆడవాళ్ళైతే యా పనిలా. నాకు భాష నేర్పింది ఒక టీచరమ్మ. ఆవిడ ఎలా అంటే అలాగే అనేవాణ్ణి. రెండు వారాలు క్లాసులో 'పనిలా, పనిలా' అని తల ఊపాను. ఆవిడ దిద్దిందో లేదో నాకు గుర్తులేదు గానీ, హాస్టల్లో పక్క గది కుర్రాళ్ళు మాత్రం నన్ను చాలా రోజులు అమ్మాయి పేరుతో పిలిచారు. మీరు యూట్యూబ్‌లో మగవాళ్ళ వీడియోలు చూసి నేర్చుకుంటుంటే ఇదే తప్పు తిరగేసి చేస్తారు. మీ నోట్సులో భూతకాలం అంతా స్త్రీలింగంలోనే రాసుకోండి.

వస్తువులకి కూడా లింగం ఉంది, కానీ ఊహించుకోవాల్సిన పని లేదు. చివర చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. హల్లుతో ముగిస్తే పురుషలింగం, 'అ, య' అయితే స్త్రీలింగం, 'ఒ, యె' అయితే నపుంసకం. విశేషణం దానికి తగ్గట్టు మారుతుంది: నోవియ్ దోమ్, నోవయ క్నీగ, నోవయె అక్నో. కొత్త ఇల్లు, కొత్త పుస్తకం, కొత్త కిటికీ. మన 'కొత్త' దేనికీ మారదు కాబట్టి ఇది కొన్నాళ్ళు విసిగిస్తుంది. తప్పులు చేయండి, పర్లేదు, అర్థం చెడదు.

'వెళ్ళడం' దగ్గర మాత్రం అర్థం చెడుతుంది. మనకి నడిచి వెళ్ళినా, రైల్లో వెళ్ళినా వెళ్ళడమే. వాళ్ళకి నడిస్తే ఒక క్రియ, బండెక్కితే ఇంకోటి. 'యా ఇదూ వ్ మస్క్వూ' అన్నారంటే మీరు కాలినడకన మాస్కో బయల్దేరినట్టు. 'యా యేదు వ్ మస్క్వూ' అనాలి. పైగా రోజూ వెళ్ళివస్తుంటే మళ్ళీ వేరే క్రియలు. ఇంకో మెలిక, మాస్కో'కి' అన్నాం కదా అని 'కి' కేసు పెట్టేస్తారు మనవాళ్ళు. ఊరికి వెళ్ళేటప్పుడు 'ను' కేసు వస్తుంది, ఊళ్ళో ఉన్నప్పుడు 'లో' కేసు: వ్ మస్క్వ్యే. మనిషి దగ్గరికి వెళ్తేనే 'కి' కేసు: క్ వ్రచూ, డాక్టర్ దగ్గరికి. ఆ ముందున్న 'క్' మన 'కి' లాగే వినపడటం కాకతాళీయం, కానీ గుర్తుండటానికి భలే పనికొస్తుంది.

క్రియల జంటల గురించి ఇప్పుడు ఒక్క ముక్క చాలు. చదివాను, చదివేశాను అన్న తేడా గుర్తుందా? యా చితాల క్నీగు అంటే పుస్తకం చదువుతూ గడిపాను, యా ప్రచితాల క్నీగు అంటే చదివేశాను, అయిపోయింది. హోంవర్క్ గురించి టీచర్ అడిగితే 'ద్యేలల' అనకండి, చేస్తూ కూర్చున్నాను అన్నట్టుంటుంది. 'జ్ద్యేలల', చేసేశాను. మిగతా మెలికలు అక్కడికెళ్ళాక తెలుస్తాయి.

అంకెల్లో కొన్ని సంస్కృతం తెలిసినట్టే ఉంటాయి: ద్వా, త్రీ, చితీర్యె. బ్రాత్ కూడా భ్రాత చుట్టమే, ద్వ్యేర్ ద్వారం చుట్టం. ఆ సంతోషంలో మోసపోకండి: మగజీన్ అంటే పత్రిక కాదు, కొట్టు. ఫమీలియ అంటే కుటుంబం కాదు, ఇంటిపేరు. ఫారాల్లో మూడు గళ్ళుంటాయి, ఇంటిపేరు, పేరు, తండ్రి పేరుతో వచ్చేది. పాస్‌పోర్టులో ఎలా ఉందో అలాగే మొదటి రెండూ నింపండి, మూడోది మనకి ఉండదు. వాళ్ళకి అది మర్యాదకి కావాలి. టీచర్ని 'అన్నా ఇవానవ్న' అని పేరు, తండ్రి పేరు కలిపి పిలుస్తారు, 'వీ' అంటారు. 'వీ' అంటే మన మీరు, బహువచనమూ అదే, గౌరవమూ అదే. 'తీ' అంటే నువ్వు. మన ఇళ్ళల్లో ఎక్కడ మీరు అంటామో ఆలోచిస్తే సగం సందేహాలు తీరతాయి. తేడా ఏంటంటే అక్కడ పిల్లలు అమ్మానాన్నల్ని, తాతయ్యని కూడా 'తీ' అనే అంటారు. మొదట్లో వింటే మన చెవికి కొంచెం గుచ్చుకుంటుంది.

మీరు అడిగిన రోజువారీ మాటలు. జ్ద్రాస్త్వుయ్త్యె, నమస్కారం. నాలుక తిరగదు, పెద్దవాళ్ళకి ఇదే చెప్పాలి. ప్రివ్యేత్ తోటివాళ్ళకి మాత్రమే. స్పసీబ, థాంక్స్. పజాల్స్త, దయచేసి అనడానికీ, పర్లేదు లెండి అనడానికీ. ఇజ్వినీత్యె, క్షమించండి. స్కోల్క స్తోయిత్, ఎంత? యా ని పనిమాయు, అర్థం కావట్లేదు. పమ్యేద్లిన్నియె, పజాల్స్త, కొంచెం నెమ్మదిగా. కాక్ ఏత ప రూస్కి, దీన్ని రష్యన్‌లో ఏమంటారు? ఈ చివరిది చూపుడువేలితో కలిపి వాడితే డిక్షనరీతో పనిలేదు. బస్సు కిక్కిరిసినప్పుడు వెనకనుంచి ఎవరైనా 'వీ విఖోదిత్యె' అంటే గొడవ పడట్లేదు, మీరు దిగుతున్నారా అని అడుగుతున్నారు, దిగకపోతే జరగండి. ఆస్పత్రిలో అయితే గ్ద్యె బలీత్, ఎక్కడ నొప్పి?

ఒక మాటకి నా ఓటు ఎక్కువ: మోజ్న. మన 'వచ్చా?'. తలుపు తీసి 'మోజ్న?' అంటే లోపలికి రావచ్చా, కుర్చీ చూపించి అంటే కూర్చోవచ్చా, ఫోన్ చూపించి అంటే ఫొటో తీయవచ్చా. వెనక ఏ క్రియా అక్కర్లేదు. జవాబు మోజ్న అయితే సరే, నిల్జ్యా అయితే కూడదు.

టైము గురించి. రష్యన్ పరీక్షల్లో మొట్టమొదటి స్థాయి, ఏ1, దాదాపు 780 మాటలు అడుగుతుంది. రోజుకి పది చొప్పున మూడు నెల్లలోపు అయిపోయే పని. అమెరికా విదేశాంగ శాఖ తమవాళ్ళు ఉద్యోగానికి సరిపడా రష్యన్ నేర్చుకోవడానికి 1100 క్లాసు గంటలు లెక్కగట్టింది. ఆ లెక్క ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవాళ్ళది, దాన్ని చూసి బెదరకండి. యాప్ మానకండి, మాటలకి అది మంచిదే. దానికి తోడు ఫోన్‌లో రష్యన్ కీబోర్డు పెట్టుకోండి, చేతిరాత కూడా ఇప్పుడే మొదలుపెట్టండి. అచ్చులో చూసిన 'త' చేతిరాతలో ఇంగ్లిష్ ఎమ్‌లా, 'ద' జీలా మారిపోతుంది. బోర్డు మీద టీచర్ రాసింది చదవలేక మొదటి నెలంతా దిక్కులు చూసినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ముఖాముఖి క్లాసు కావాలంటే హైదరాబాద్‌లో ఇఫ్లూ (ఇంగ్లిష్, విదేశీ భాషల యూనివర్సిటీ)లో రష్యన్ విభాగం ఉంది, చెన్నైలో రష్యన్ హౌస్ అనే రష్యా సాంస్కృతిక కేంద్రం ఉంది. ఫీజులు, తేదీలు వాళ్ళనే కనుక్కోండి.

ఈ రాత్రికి ఒక పని చెయ్యండి. మీ గురించి పది వాక్యాలు అచ్చ తెలుగులో, ఇంట్లో మాట్లాడినట్టు రాయండి. నాకు ఇన్నేళ్ళు, నా దగ్గర ఇది ఉంది, అది లేదు, నాకు ఇది ఇష్టం. ఇంగ్లిష్‌లోకి మార్చకుండా రష్యన్‌లో పెట్టి ఇక్కడ పోస్ట్ చేస్తే దిద్దుతాను. వయసు దగ్గర ఒక్క జాగ్రత్త: పద్దెనిమిదికి ల్యేత్ అన్నాను కదా, ఇరవై ఒకటి అయితే గోత్, ఇరవై రెండు నుంచి నాలుగు వరకు గోద, ఇరవై ఐదుకి మళ్ళీ ల్యేత్. రూబుళ్ళకీ ఇదే వరస: అదీన్ రూబ్ల్, ద్వా రుబ్ల్యా, ప్యాత్ రుబ్ల్యేయ్.